తైనారా లిమిట్‌లో సందు మొత్తానికీ వాటా

ఆ ఇంట్లో శుభ్రంగా మిగిలిన పేరు ఒక్కటే, తైనారాది.

మిగతావాళ్ల పేర్లు ఎప్పుడో మురికైపోయాయి. వాళ్లేదో పాపం చేశారని కాదు. వాళ్ల ఊరు అనానిందెవాలో పేరు మురికి కావడానికి పాపాలు చెయ్యనక్కర్లేదు, చుట్టాలుంటే చాలు. వాళ్లమ్మ మరినీల్జా పేరు మీద ఆవిడ తమ్ముడు జెర్వాజియు బీరువా అంత స్పీకర్ పెట్టె కొన్నాడు. పన్నెండు వాయిదాల్లో రెండు కట్టాడు. మిగతా పదీ కట్టలేకపోయినా పాటలు మాత్రం సందు మొత్తానికీ వినిపించాడు, ఆ విషయంలో పిసినారితనం చూపలేదు. వాళ్ల నాన్న ఒదివాల్దు పేరును ఆయన పిన్నికొడుకు ఒక ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టించాడు. చనిపోయి ఆరేళ్లయిన నానమ్మ పేరు కూడా ఇంకా బాకీల జాబితాలోనే ఉంది. సమాధిలో ఫోన్ లేదు కాబట్టి ఆవిడ ప్రశాంతంగా పడుకుంది. కుక్క పేరు ఒక్కటే ఎవరూ వాడలేదు, దానికి సీపీఎఫ్, అంటే మనిషి అప్పులూ పన్నులూ లెక్కగట్టే సర్కారు నంబరు, లేదు గనక.

తైనారాకి పందొమ్మిదేళ్లు. బడి పక్కన జిరాక్స్ కొట్లో పని చేస్తుంది. పద్దెనిమిది నిండిన రోజునే ఫోన్లో ఒక బ్యాంకు యాప్ వేసుకుని కార్డు తెప్పించుకుంది. లిమిట్ నూటయాభై రెయాలు. ఆ కార్డుతో గీకగలిగిన అతిపెద్ద వస్తువు ఇస్త్రీపెట్టె. అదీ తగ్గింపు ధరకి దొరికితే.

కొంపకి ఆధారం వీధివైపు గదిలో ఒదివాల్దు నడిపే ఆసాయి కొట్టు. పొద్దున్నే పడవల్లో వచ్చిన ఆసాయి పళ్లు బుట్టల లెక్కన కొనుక్కొచ్చి, నానబెట్టి, మిషన్లో వేసి చిక్కటి గుజ్జు తీస్తాడు. గుజ్జు తయారయ్యాక బయట ఎర్రజెండా కడతాడు. ఆ జెండా కనబడితేనే సందులో పొయ్యిల మీద చేపలు వేగడం మొదలవుతుంది. ఆసాయి, కర్రపెండలం రవ్వ, వేయించిన చేప లేని మధ్యాహ్నాన్ని ఆ సందువాళ్లు మధ్యాహ్నంగా లెక్కపెట్టరు. పొద్దున తర్వాత తిన్నగా సాయంత్రం వచ్చిందనుకుంటారు.

మూడు నెలల కిందట మిషను దగ్గడం మొదలుపెట్టింది. దాన్ని ఎన్నిసార్లు అతికించారంటే, అందులో ఉక్కు కంటే అతుకులే ఎక్కువ. కొత్తది వెయ్యిన్నీ తొమ్మిది వందల ఎనభై కాదు, రెండు వేలకి ఇరవై తక్కువ. ఒదివాల్దు అలా చెప్పుకుంటే కొంచెం తక్కువగా అనిపించేది. వడ్డీ లేకుండా పది వాయిదాలు, నెలకి నూట తొంభై ఎనిమిది. వాయిదాలు కట్టగలరు. కానీ వాయిదాలకి కార్డు కావాలి, కార్డుకి లిమిట్ కావాలి, లిమిట్‌కి శుభ్రమైన పేరు కావాలి. అందరూ తైనారా వైపు చూశారు. కుక్క కూడా చూసింది.

లిమిట్ ఎలా పెరుగుతుందో సందులో తెలియనివాళ్లు లేరు, ఎవరికీ పెరగలేదు గానీ. ఏ కొట్టుకెళ్లినా డబ్బులు తీసుకునే అమ్మాయి "బిల్లు మీద సీపీఎఫ్ వెయ్యమంటారా?" అని అడుగుతుంది కదా, ప్రతిసారీ వెయ్యమంటే అప్పు ఇవ్వొచ్చని చెప్పే స్కోరు పెరుగుతుందనీ, స్కోరు పెరిగితే బ్యాంకు కరుగుతుందనీ అక్కడ అందరి నమ్మకం. ఎదురింటి దోనా ఇరాసీ మొదట ముందుకొచ్చింది.

"నా పేరుకి ఇక ఈ జన్మలో లిమిట్ రాదు. ఈ అమ్మాయి నంబరు చెప్పండి, నేను కొన్నవన్నీ దీని మీద వేయిస్తా. మనకి ఆసాయి ముఖ్యం."

మరినీల్జా ఆ మాటకి కరిగిపోయి కూతురి పదకొండంకెల నంబరును కొట్టు బయట పలకమీద, లీటరు ధర కింద, సుద్దముక్కతో రాసేసింది.

"అమ్మా! అది దాచుకునే నంబరు! దొంగలు చూస్తే?"

"చూడనీ. ఏం దోచుకుంటారు, నూటయాభయ్యా?"

వారంలో సందు మొత్తానికీ నంబరు కంఠతా వచ్చేసింది. పిల్లలు ఎక్కాలు మర్చిపోయి అది అప్పజెప్పారు. మూడు నెలలు గడిచేసరికి బిల్లుల ప్రకారం చూస్తే, నలభై తొమ్మిది కిలోల తైనారా నాలుగు వందల ఎనభై డైపర్లు తడిపింది, ముగ్గురి గుండెలకి సరిపడా రక్తపోటు మాత్రలు మింగింది, ముప్ఫై రెండు బస్తాల సిమెంటు మోసింది, గేదెకి వేసే టీకా ఒకటి వేయించుకుంది. తను మాత్రం కార్డు మీద రొట్టెలు, షాంపూ కొని, బిల్లు రాకముందే నెలకి మూడుసార్లు కట్టేసింది. లిమిట్ నూటయాభై దగ్గరే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

సోమవారం మిషను చచ్చిపోయింది. సరిగ్గా పళ్ల కాపు మొదలైన వారం.

పక్కనున్న బెలెం పట్నంలో మిషన్ల కొట్టువాడు ఫోన్లో తేల్చి చెప్పాడు: పాత ధరకి ఒక్కటే మిగిలింది, శనివారం పన్నెండింటి దాకా. తర్వాత రెండు వేల ఆరు వందలు. కాపు రోజుల్లో ఎవరైనా అలాగే చేస్తారని కూడా చెప్పాడు, తనేదో ఓదారుస్తున్నట్టు.

మంగళవారం తైనారా యాప్‌లో లిమిట్ పెంచమని అడిగింది. "నీ కోరిక పరిశీలనలో ఉంది. కార్డు వాడుతూ ఉండు!" అని వచ్చింది, పక్కన నవ్వుతున్న బొమ్మతో. అప్పట్నుంచీ తైనారాకి అన్నం దిగలేదు. జిరాక్స్ కొట్లో ఒక పిల్లాడి జనన పత్రాన్ని నలభై కాపీలు తీసింది, వాడు రెండే అడిగాడు. బుధవారం ఫోన్ మోగింది: "తైనారా, నీకో శుభవార్త!" గబగబా తెరిచింది. ఫోన్ పగిలితే పనికొచ్చే బీమా గురించి. గురువారం ఇంకోటి. అదీ అదే బీమా, ఈసారి తగ్గింపుతో. శుక్రవారానికి దాని చేతి గోళ్లు అయిపోయాయి. కాలిగోళ్లు అందక వదిలేసింది.

కొట్లో ఎర్రజెండా ఐదు రోజులుగా మడతపెట్టే ఉంది. సందువాళ్లు రెండు వీధులవతల ఇంకో కొట్టుకి గిన్నెలు పట్టుకుని వెళ్తున్నారు, వెళ్తూ తలలు వంచుకుంటున్నారు. ఒదివాల్దు తలుపు దగ్గర కూర్చుని అందరికీ నమస్కారం పెడుతున్నాడు. అది చూడలేక తైనారా పెరట్లోకి వెళ్లి ఫోన్ చూసుకునేది.

శనివారం పొద్దున తొమ్మిదీ నలభైకి వచ్చింది.

తైనారా మూడుసార్లు చదివింది. ఎవరికీ చెప్పకూడదని ఆ మూడోసారే అనుకుంది. ఇంట్లో లిమిట్ ఉందంటే ఏమవుతుందో అమ్మ పేరు చూస్తే తెలియదా? ముందు నాన్నకి చెప్పాలి, చడీచప్పుడూ లేకుండా బెలెం వెళ్లాలి, మిషను కొనాలి. అంతే. కానీ ఒదివాల్దు ఇరవై రెండేళ్లు ఆ మిషను పక్కన నిలబడ్డ మనిషి. వినికిడిలో సగం దానికే ఇచ్చేశాడు.

"నాన్నా," అంది గుసగుసగా. "వచ్చింది."

"ఆఁ? ఏంటమ్మా? గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పే విషయం కాదు. ఫోన్ ఆయన కళ్లముందు పెట్టి, మాట్లాడొద్దని వేలితో సైగ చేసింది. ఆయన ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరం జరిపాడు, ముఖం చిట్లించాడు, తనకి వినపడేంత గట్టిగా చదివాడు.

"తైనారా, అభినందనలు! నీ లిమిట్ నూటయాభై నుంచి రెండు వేల వందకి పెరిగింది!"

సందు చివర పడుకున్న కోళ్లు కూడా లేచి నిలబడ్డాయి.

దోనా ఇరాసీ చెప్పులు వేసుకోవడానికి కూడా ఆగలేదు. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచి నిండా బిల్లులు. ఆవిడ వెనక తాపీమేస్త్రీ సిప్రియాను, ఆయన వెనక ఇంకో తొమ్మిదిమంది.

"ఏమే తైనారా, మాకు చెప్పకుండా దాచేద్దామనే!"

"లేదు దోనా ఇరాసీ, ఇప్పుడే..."

"నా మనవడు మూడు నెలలు కష్టపడి తడిపాడే. నాలుగొందల ఎనభై! ఒక్కటి కూడా వేరే నంబరు మీద వెయ్యనివ్వలేదు. నేనేం పెద్దది అడగట్లా. ఒక ఫ్యాను. రెండొందల నలభై. ఆరు వాయిదాలు."

"డైపర్లకి ఫ్యాన్ వస్తే," అన్నాడు సిప్రియాను, "సిమెంటుకి ఇల్లు రావాలి. నేను ఇల్లు అడగట్లేదు. గోడలకి కన్నాలు పెట్టే మిషను చాలు. మూడొందల తొంభై."

"రక్తపోటు మాత్రలు మావి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

తైనారా నోరు తెరిచింది. ఈ లిమిట్ పెరిగింది మీ బిల్లుల వల్ల కాదని చెప్పాలనుకుంది. కానీ దేనివల్ల పెరిగిందో తనకీ తెలియదు. ఒకవేళ నిజంగా ఆ గేదె వల్లే పెరిగి ఉంటే?

అప్పుడే మోటారుసైకిలు ఆపి జెర్వాజియు మావయ్య దిగాడు. అందరినీ పక్కకి తప్పించి మేనకోడలి తలమీద చెయ్యి పెట్టాడు.

"నేను అడగను తల్లీ. అడిగే మనిషినా నేను? ఊరికే చెప్తున్నా. నా బండి టైర్లు చూశావా? మంగలి గుండు చేసినంత నున్నగా ఉన్నాయి. రెండూ కలిపి ఐదొందల ఇరవై."

"ఒరేయ్," అంది మరినీల్జా లోపల్నుంచి, "నా పేరు మీద నీ స్పీకరు ఇంకా పాడుతూనే ఉంది. నువ్వు నోరు ముయ్యి."

"అక్కా, అందరి ముందూ పాతవి తవ్వకే."

"తవ్వక్కర్లేదు, పైనే ఉంది!"

ఆ తర్వాత ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. తైనారా ఒక్కో అంకెనీ లోపల కూడుతూనే ఉంది. మూడు వేలు దాటాయి. రెండు వేల వందలోంచి మిషను పోతే మిగిలేది నూట ఇరవై. వీళ్లలో ఒక్కరికి సరేనన్నా మిషను లేదు. మిషను లేకపోతే ఆ వాయిదాలు కట్టేది ఏ డబ్బుతో? అప్పుడు తన పేరు కూడా అమ్మ పేరు పక్కన, నాన్న పేరు పక్కన, నానమ్మ పేరు పక్కన. అయినా ఈ ముఖాల్లో దేనికి కాదనాలి? చిన్నప్పుడు జ్వరమొస్తే ఆస్పత్రికి మోసుకెళ్లింది సిప్రియాను. సైకిల్ నేర్పింది మావయ్య.

ఒదివాల్దు లేచి దాని పక్కకొచ్చాడు. ఈసారి ఆయనకి వీలైనంత మెల్లగా, అంటే మూడిళ్లకి మాత్రమే వినపడేలా అన్నాడు: "ఎవరికీ వద్దమ్మా. మిషనూ వద్దు. మా పేర్లు ఎలాగూ పోయాయి. నీదన్నా ఉండనీ."

గోడ గడియారం పదీ పది చూపిస్తోంది.

తైనారా జిరాక్స్ కొట్టునుంచి తెచ్చుకున్న కాగితాల కట్ట తీసి, పెన్నుతో సహా బల్లమీద పెట్టింది.

"సరే. అందరూ రాయండి. పేరు, వస్తువు, ధర, ఎన్ని వాయిదాలు. ముందు ఎక్కువ బిల్లులు వేయించినవాళ్లు, తర్వాత తక్కువవాళ్లు. ఈలోగా నేను మొహం కడుక్కుని వస్తా."

దోనా ఇరాసీ పెన్ను అందుకుంది. సిప్రియాను ఆ పెన్నునే అందుకున్నాడు. ఎక్కువ అంటే కాగితాల్లో ఎక్కువా, డబ్బులో ఎక్కువా అన్న చర్చ మొదలైంది. ఆ చర్చ ఆ సందులో ఇప్పటికీ తెగలేదు. తైనారా స్నానాలగది కిటికీలోంచి పెరట్లోకి దూకి, గోడ దాటి, బస్సు వెనక పరిగెత్తింది.

బస్సు ప్రతి స్టాపు దగ్గరా ఆగింది. స్టాపు లేని చోట కూడా ఆగింది, డ్రైవరుకి బంధువులు ఎక్కువ. తైనారా నిమిషానికోసారి యాప్ తెరిచి లిమిట్ ఇంకా ఉందా అని చూసుకుంది. పొరపాటున పెంచాం, వెనక్కి తీసుకుంటున్నాం అంటారేమో. ఫోన్ ఛార్జింగ్ ఇరవై నుంచి పదకొండుకి పడింది. చూడటం ఆపేసింది. చూడకపోతే ఇంకా భయమేసింది.

కొట్లోకి అడుగుపెట్టేసరికి పన్నెండుకి పద్దెనిమిది నిమిషాలు. వరసలో ముందు నలుగురు. ఆ నలుగురూ తన మిషనే కొనడానికి వచ్చారని దానికి రూఢిగా తెలుసు. మొదటివాడు రెండు బోల్టులు కొన్నాడు. రెండోవాడు ఒక బోల్టు వెనక్కి ఇచ్చాడు. మూడో ఆవిడ దారి అడిగింది. నాలుగోవాడు తైనారా మిషనుకి ఆనుకుని నిలబడి, దాన్ని తట్టి, లోపలికి తొంగిచూసి, చివరికి టైము ఎంతని అడిగి వెళ్లిపోయాడు.

"పది వాయిదాలేనా?" అంది కొట్లో అమ్మాయి.

"పదే."

రహస్య అంకెలు నొక్కింది. తప్పని వచ్చింది. మూడు నెలలుగా సందంతా పాడుతున్న సీపీఎఫ్ నంబరులో మొదటి నాలుగంకెలు నొక్కేసింది. మళ్లీ నొక్కింది. "పరిశీలిస్తోంది" అంది గీకే యంత్రం. చుక్కలు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. ఆ చుక్కల మధ్య తైనారా పెళ్లి చేసుకుంది, ముసలిదైంది, మురికి పేరుతో పూడ్చబడింది.

"అయిపోయింది," అంది అమ్మాయి. చీటీ చింపింది. "బిల్లు మీద సీపీఎఫ్ వెయ్యమంటారా?"

"వద్దు!"

కొట్లో అందరూ తిరిగి చూసేంత గట్టిగా వచ్చిందది. వాళ్ల నాన్న గొంతే.

"వద్దండీ," అంది మళ్లీ మెల్లగా. "ఇక ఒక్క రెయాల్ కూడా పెరగకూడదు."

"ఇంటికి పంపడానికి తొమ్మిది పనిదినాలు పడుతుంది."

అంటే ఇంకో తొమ్మిది మధ్యాహ్నాలు లేనట్టే. అప్పుడే బయట మోటారుసైకిలు ఆగింది. జెర్వాజియు మావయ్య నుదుటి చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"స్నానాలగదిలో గంటసేపు మొహం కడుక్కునే పిల్ల కాదనుకున్నాలే." మిషను వైపు చూశాడు, చీటీ వైపు చూశాడు. "ఎంత మిగిలింది తల్లీ?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ మావయ్య కళ్లలోకి చూసి చెప్పలేకపోయింది.

"నూట ఇరవై."

"టైర్లు పోతే పోయాయి. ట్యూబు ముప్ఫై ఎనిమిదే. రెండు వాయిదాలు, నువ్వు చూసేలోపు కట్టేస్తా."

తైనారా చీటీ మడిచి జేబులో పెట్టుకుంది. "ముందు డబ్బిస్తే కొంటా మావయ్యా."

"అదేంటే, సొంత మావయ్యని..."

"అమ్మ కూడా నీకు సొంత అక్కే కదా."

జెర్వాజియు జేబులోంచి పర్సు తీశాడు. తెరిచి చూశాడు. అందులో ఏముందో ఆయనకి ముందే తెలిసినా కాసేపు వెతికాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కోపమొచ్చి వెళ్లిపోతాడేమో, మిషను ఇక్కడే ఉండిపోతుందేమో అని తైనారా దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆయన బయటికెళ్లి, సీటు కిందనుంచి తాడు తీసుకుని వచ్చాడు.

"పట్టుకో ఆ పక్క. వాన రాకముందే పోదాం."

వాన దారిలోనే వచ్చింది. నున్నటి టైర్ల మీద, గుంతల మధ్య, నడిచేవాళ్లు కూడా దాటిపోయేంత నెమ్మదిగా మోటారుసైకిలు వెళ్లింది. వెనక తైనారా, మధ్యలో పిల్లని ఎత్తుకున్నట్టు మిషను. ప్రతి గుంతకీ ఒక వాయిదా కళ్లముందు కనబడింది. పదో గుంత దగ్గర బండి పక్కకి జారింది. జెర్వాజియు రెండు కాళ్లూ నేలకి తన్నిపెట్టి నిలబెట్టాడు. ఒక చెప్పు కాలవలో కొట్టుకుపోయింది. ఆయన ఆగలేదు.

ఇల్లు చేరేసరికి సందులో పదకొండుమందీ చూరు కింద నిలబడి ఉన్నారు, చేతుల్లో తడిసిన జాబితా. 

ఒదివాల్దు మిషనుని ఒళ్లంతా తడిమి చూశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"నా కూతురి నంబరు చెప్పి ఎన్ని బిల్లులు వేయించారో అన్నీ తెండి," అన్నాడు, ఊరంతటికీ వినపడేలా. "బిల్లుల సంచికో లీటరు. చిక్కటిది. ఈరోజే. డబ్బులు వద్దు. దాంతో లిమిట్ లెక్క సరి."

"ఫ్యానో?" అంది దోనా ఇరాసీ.

"ఆసాయి తాగి నిద్రపో ఇరాసీ, ఫ్యాన్ లేకపోయినా పడుతుంది."

ఆవిడ తన సంచి వైపు చూసుకుంది. "సంచి చిన్నదైనా లీటరేనా?"

"లీటరే."

"మరి గేదె టీకాకి?" అని ఎవరో అడిగారు. అందరూ నవ్వారు. రెండు వీధులవతల కొట్టునుంచి రెండు బుట్టల పళ్లు అరువొచ్చాయి, ఎర్రజెండా వానలోనే ఎక్కింది. ఆ రోజు ఆ సందులో మధ్యాహ్నం సాయంత్రం నాలుగింటికి వచ్చింది.

మొదటి బిల్లు వచ్చే రోజు దాకా తైనారా సరిగ్గా పడుకోలేదు. గల్లాపెట్టెలోంచి నూట తొంభై ఎనిమిది తీసి విడిగా ఒక డబ్బాలో వేసి, రోజుకి రెండుసార్లు లెక్కపెట్టింది, డబ్బాలో అవి పిల్లలు పెడతాయేమో అన్నట్టు. గడువుకి మూడు రోజుల ముందే కట్టేసింది. అదే వారం జెర్వాజియు అక్కకి ఇరవై రెయాలు ఇచ్చాడు, స్పీకరు మూడో వాయిదాలో మొదటి ముక్క అని. మరినీల్జా ఆ నోటుని వెలుతురుకి పెట్టి చూసింది.

మర్నాడు కొట్లో జనం కిక్కిరిసి ఉన్నప్పుడు తైనారా ఫోన్ మోగింది.

"తైనారా, నువ్వు కార్డు చక్కగా వాడుతున్నావు! నీ లిమిట్ మూడు వేల నాలుగు వందలకి పెరిగింది."

తైనారా ఫోన్ బోర్లా తిప్పింది. తలెత్తింది. దోనా ఇరాసీ గిన్నె పట్టుకుని చూస్తోంది. మావయ్య బండి దిగుతున్నాడు. మిషను పక్కనుంచి నాన్న చెయ్యి చాచాడు.

"ఏంటమ్మా అది? ఇటివ్వు, చదువుతా."

"బీమా నాన్నా!" అని అరిచి స్నానాలగదిలోకి పరిగెత్తి గడియ పెట్టుకుంది. యాప్‌లో లిమిట్ గీత మీద వేలు పెట్టి వెనక్కి లాగింది. మూడు వేలు, రెండున్నర, రెండు వేల వంద. అక్కడ ఆపింది.

"నిజంగా తగ్గించుకోవాలనుకుంటున్నావా?" అని అడిగింది యాప్.

అవును.

"ఎందుకో చెబితే మాకు మేలు చేసినదానివవుతావు." కింద నాలుగు కారణాలు ఇచ్చారు. తనది వాటిలో లేదు. ఐదోది "ఇంకేదైనా". పక్కన చిన్న ఖాళీ పెట్టె. తైనారా బొటనవేలితో అందులో రాసింది:

"మా నాన్న గట్టిగా చదువుతాడు."